తువ్వాల కింద బర్రె బేరం

కరోనా మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి జారిన ఏడాది అది. హన్మకొండలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నీషియన్‌గా నేను అప్పటికే చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పొద్దున కాశిబుగ్గలో ఆటో ఎక్కి వచ్చి, రోజంతా ఏసీ గదిలో ఒక అద్దం వెనక కూర్చుని, గొట్టంలో పడుకున్న మనుషుల పాదాలు చూస్తూ ఉండటం నా ఉద్యోగం. తల, మెడ స్కాన్లలో ముఖాలు లోపల ఉండిపోతాయి కనుక మాకు కనిపించేవి పాదాలే. భయం పుట్టిన మనిషి ముందుగా కాలి బొటనవేలు బిగిస్తాడు. అది చూడగానే ఈ కేసు ఓ పట్టాన తెమిలేది కాదని నాకు అర్థమైపోతుంది.

ఎమ్మారైలో నొప్పి పుడుతుందా అని చుట్టాలు అడుగుతుంటారు. ఏమీ పుట్టదు. సూది ఉండదు, కోత ఉండదు. ఆ యంత్రం మనల్ని కోరేది ఒక్కటే, కదలకుండా పడుకోమని. తీరా చూస్తే చాలామందికి అంతకంటే కష్టమైన పని లేదు. ఆ గొట్టాన్ని మేము బోర్ అంటాం. అందులో పడుకుంటే పైకప్పు ముక్కుకు జానెడు దూరంలో ఉంటుంది. ఒక్కో రకం బొమ్మకు యంత్రం ఒక్కో విడత చప్పుడు చేస్తుంది, దాన్ని సీక్వెన్స్ అంటాం. చేలో బోరు వేసే బండి పక్కనే పడుకున్నట్టు ఉంటుంది. నడుమ కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, ఆ విడత మళ్ళీ మొదటి నుంచి తీయాలి.

ఎవరు భయపడతారో ముందే చెప్పగలనని నాకు మొదట్లో గర్వంగా ఉండేది. ఆ గర్వం తొందరగానే దిగిపోయింది. బెల్టు సరిచేసుకుంటూ లోపలికి వెళ్ళిన పోలీసాయన ఒకరు బల్ల పూర్తిగా జరగకముందే బయటికి వచ్చేశారు. బల్లిని చూస్తే కెవ్వుమనే ఒక టీచరమ్మ అదే గొట్టంలో గురక పెట్టి నిద్రపోయింది. మీసాలకూ ధైర్యానికీ ఏ సంబంధమూ లేదని నాకు ఈ ఉద్యోగంలోనే తెలిసింది. మరి దేనితో సంబంధం ఉందో తెలుసుకోవాలని ఒక కుతూహలం మాత్రం మిగిలిపోయింది.

సమ్మయ్య మరిపెడ దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. అరవైకి దగ్గరపడిన పొడగరి, తెల్ల ధోవతి, భుజం మీద తువ్వాల. వెంట ఆయన భార్య కొమురమ్మ. కొన్ని నెలలుగా చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయి, నడిస్తే కాలు తూలుతోంది. మెడలో ఏదో నరాన్ని నొక్కుతోందని ఆపరేషన్ చేసే డాక్టరుకు అనుమానం. ఆలస్యం చేస్తే చేతులు పూర్తిగా పడిపోవచ్చని, స్కాన్ చూడనిదే మాత్రం కత్తి పట్టనని చెప్పి పంపాడు. అప్పటికే వేరే ఊళ్ళో ఒకచోట గొట్టంలోకి వెళ్ళి, భయంతో సగంలోనే లేచి వచ్చేశాడట ఈయన.

ఆ భార్యాభర్తల్లో ఒక వింత గమనించాను. కొమురమ్మ ఆయనతో మాట్లాడటం లేదు. ఆయనకు చెప్పాల్సినవి కూడా నాకే చెబుతోంది.

"చెవులల్ల దూది మంచిగ పెట్టుకొమ్మను బిడ్డా. మల్ల సప్పుడైతాందంటడు."

ఆయన నావైపే చూస్తూ, "ఇనవడ్డది అని చెప్పు మేడం" అన్నాడు.

మొగుడూపెళ్ళాల అలకలు మాకు కొత్త కాదు. నవ్వుకుని బల్ల మీద పడుకోబెట్టాను. మెడ చుట్టూ కాయిల్ అమర్చాను. కాయిల్ అంటే బొమ్మను పట్టే ప్లాస్టిక్ తొడుగు, చూడటానికి చిన్న పంజరంలా ఉంటుంది. కుడి చేతిలో రబ్బరు బుడ్డి పెట్టాను. తట్టుకోలేకపోతే అది నొక్కాలి, నా దగ్గర గంట మోగుతుంది. బల్ల లోపలికి జరిగింది. పాదాలు బిగుసుకున్నాయి. మొదటి సీక్వెన్స్ సగమైనా కాలేదు, గంటకు బదులు కేక వినబడింది.

"తియ్యిండ్రి నన్ను. సచ్చిపోతాన. తియ్యిండ్రి."

బయటికి లాగాను. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. రబ్బరు బుడ్డి పక్కన పడి ఉంది. నాది కొంచెం తొందర స్వభావం.

"గంత గట్టిగ ఒర్లే బదులు ఇది నొక్కితె అయిపోవు గద బాపూ" అన్నాను.

"యాది మరిసిన" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఇలాంటప్పుడు చెప్పడానికి మా దగ్గర కొన్ని మాటలు సిద్ధంగా ఉంటాయి. అవన్నీ చెప్పాను. కంగారు పడొద్దు, కళ్ళు మూసుకో, ఊపిరి మెల్లగా వదులు, దేవుణ్ణి తలుచుకో. మళ్ళీ లోపలికి పంపాను. ఈసారి ఇంకా ముందే కేక వేశాడు.

"దేవున్ని తలుసుకోమంటివి. తలుసుకుంటె ఇంక భయమైతాంది మేడం. తీస్కపోతానికె అచ్చిండేమో అనిపిస్తాంది" అన్నాడు బయటికి వచ్చాక.

మత్తు ఇచ్చి చేయవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కొందరికి అలాగే చేస్తాం. కానీ ఈయనకు ఉబ్బసం ఉంది, అప్పుడు కూడా పిల్లికూతలు వినబడుతున్నాయి. మత్తు డాక్టరు వద్దన్నారు. ఏం చేయాలో తోచక, కాసేపు బయట కూర్చోమని చెప్పి తర్వాతి పేషెంటును పిలిచాను. చేయలేకపోతున్నామని మా రేడియాలజిస్టుకు చెప్పేయాలని దాదాపు అనుకున్నాను. అలా చెబితే ఆపరేషన్ ఆగిపోతుంది, ఆ చేతుల సంగతి ఏమవుతుందో తెలియదు. ఆ ఆలోచన నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆ పేషెంటును పంపి బయటికి వచ్చేసరికి సమ్మయ్య బెంచీ మీద ఉన్నాడు. కొమురమ్మ అదే బెంచీకి అటు చివర కూర్చుంది. ఆయన తువ్వాలను ఎడమ చేతి మీద కప్పుకుని, కింద వేళ్ళు ఆడిస్తున్నాడు. గుడ్డ లేస్తోంది, పడుతోంది. నాకు చూసిన ప్రతిదీ అడిగే రోగం ఉంది.

"తువ్వాల కింద ఏం జేస్తున్నవ్ బాపూ?"

"ఏం లేదు మేడం, అలవాటు. మాది పసుల బేరం."

"పసుల బేరానికి తువ్వాల ఎందుకు?"

ఆ ప్రశ్న వినగానే మనిషి నిటారుగా కూర్చున్నాడు. ఎడ్లూ బర్రెలూ అమ్మే వారపు అంగడిలో ఆయన బేరగాడు, అంటే అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ ధర కుదిర్చే మనిషి. అక్కడ ధర నోటితో చెప్పరు. నలుగురూ వింటే బేరం చెడుతుంది. ఇద్దరి చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు. కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత, వేలు సగం దాకా పట్టుకుంటే అందులో సగం. ఒప్పుకోనివాడు తన లెక్క తిరిగి పట్టుకుంటాడు. ముఖంలో మాత్రం ఏమీ కనబడకూడదు.

"గంత జనంల, గంత సప్పుడుల ఎట్ల తెలుస్తది?"

"ఎండ కొడతాంటది. పసులు ఒర్లుతాంటయ్. ఎనక నుంచి జనం తోస్తాంటరు. గవన్ని నాకు ఎరుకనే గావు. చెయ్యి కలిసిందంటె చెయ్యొక్కటే. ఇంకో సంగతి మేడం. కలిపిన చెయ్యి నడుమల గుంజుకోవద్దు. బేరం తెగేదాంక ఉండాలె. గుంజుకున్నోనికి మల్ల ఆ అంగడిల ఎవ్వలు చెయ్యియ్యరు."

ఆయన చెబుతున్నంతసేపూ నేను ఆయన ఛాతీని చూస్తున్నాను. పిల్లికూతలు తగ్గాయి. ఊపిరి నిదానంగా ఆడుతోంది. ఇరుకు, చప్పుడు, ఉక్కపోత, పక్కకు కదలడానికి వీల్లేకపోవడం, మా గదిలో ఉన్నవన్నీ ఆయన అంగడిలోనూ ఉన్నాయి. అక్కడ ఈ మనిషికి అవి పట్టనే పట్టవు. ఇక్కడ లేనిదల్లా ఆ చేయి ఒక్కటే.

మెడ స్కాన్‌లో తల లోపలికి వెళ్ళినా, చేతులు బోర్ అంచు దగ్గరికి వస్తాయి. లోహం ఏదీ ఒంటి మీద లేకుండా చూసుకుంటే తోడు మనిషిని గదిలో కూర్చోబెట్టవచ్చు. రేడియాలజిస్టును అడిగాను. మెడ కదలకపోతే వేళ్ళు ఎలా ఆడించుకున్నా తనకేమీ అభ్యంతరం లేదన్నారు.

"నువ్వు లోపల పండుకో. బయట ఒకరు నీ చెయ్యి పట్టుకొని బేరం జేస్తరు" అన్నాను.

"ఎవలు జేస్తరు? మీకు రాదాయె."

"నేను జేస్త" అంది కొమురమ్మ, నాతోనే.

ఆయన మొదటిసారి గట్టిగా నవ్వాడు. "ఆడిదానికి గది ఎట్లొస్తదో అడుగు మేడం."

"ఇన్నేండ్ల సంది పక్కన పండుకుంటాన. నిద్రల నా చెయ్యి పట్టుకొని ఎన్ని జతల ఎడ్లు అమ్మిండో గీయనకేం ఎరుక అని చెప్పు."

నేను నవ్వు ఆపుకుని, అంగడిలో కట్టేసిన ఏదో ఒక ఎడ్ల జత అనుకుని మొదలుపెట్టండి అన్నాను. సమ్మయ్య ఒప్పుకోలేదు. లేని పశువుకు బేరం చేస్తే అది బేరం కాదట, పిల్లలాటట. చివరికి కొమురమ్మే, "ఇంటికాడ బర్రె ఉన్నది గద. దవాఖాన కర్సులకు అమ్ముతనంటాండు. నాది బర్రె. కొనమను" అంది. ఆయన ముఖం మారింది. ఇది నిజం బేరం.

గదిలోకి వచ్చే ఆడవాళ్ళతో పుస్తెలతాడు, మట్టెలు తీయించడం మాకు మామూలుగా పెద్ద తంతు. ఎంత నచ్చజెప్పినా కొందరు తీయరు. కొమురమ్మ మాత్రం నేను అడగకముందే తీసి నా చేతిలో పెట్టింది. చెవుల్లో దూది పెట్టుకుని, గోడ పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని బల్లకు కుడివైపున కూర్చుంది. ఆయన కుడి చేతి మీద తువ్వాల కప్పి, తన చేయి కిందికి పోనిచ్చింది. నేను తలుపు మూసి అద్దం వెనకకు వచ్చి సీక్వెన్స్ మొదలుపెట్టాను.

తువ్వాల కదలలేదు. కొమురమ్మ వంగి కూర్చుని ఏదో వెతుకుతున్నట్టు చేయి లోపలే ఉంచింది. కొంతసేపటికి తలెత్తి అద్దంలోంచి నా వైపు చూసింది. ఆ చూపు బాగాలేదు. యంత్రం ఆపి మైకులో, "ఏమైందమ్మా?" అని అడిగాను. ఏమీ లేదన్నట్టు తల ఊపింది. లేచి, స్టూలు ఎత్తుకుని, అటు తిరిగి ఎడమవైపుకు వెళ్ళి కూర్చుంది. ఎడమ చేతి మీద తువ్వాల కప్పింది. మళ్ళీ మొదలుపెట్టాను.

ఈసారి గుడ్డ కదిలింది. మొదట మెల్లగా. తర్వాత చేపలు తిరుగుతున్న వలలా ఎగిసింది. చప్పుడులో మాటకు అవకాశమే లేదు, వాళ్ళకు మాటతో పనీ లేదు. సమ్మయ్య బొటనవేళ్ళు సడలాయి. నా తెర మీద మెడ ఎముకలు గీసినట్టు స్పష్టంగా వచ్చాయి. సీక్వెన్స్‌కూ సీక్వెన్స్‌కూ నడుమ మైకులో అడిగాను.

"బాపూ, ఎట్లున్నది?"

"ముందు గామెను జర దిగుమను మేడం. ఆకాశంల కూసున్నది."

"మెడ కదిలియ్యకు. బేరం వేళ్ళతోటే."

"ఎరుకనే."

స్కాన్ పూర్తయింది. బల్ల బయటికి రాగానే ఆయన గొట్టం వైపు తిరిగి కూడా చూడలేదు. నాకు దండం పెట్టలేదు, హమ్మయ్య అనలేదు. కాయిల్ తీస్తుండగానే పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు.

"ఏం బేరమే అది? ఒక్క వేలు దిగుతె ఒట్టు. అంగడిల ఉంటె కొడుదురు నిన్ను."

కొమురమ్మ ఆయన్ను లేపి కూర్చోబెట్టి, పొద్దుటి నుంచీ మొదటిసారి నేరుగా ఆయన ముఖంలోకి చూసి అడిగింది.

"కుడి చేతికి ఎప్పటిసంది తెలుస్తలేదు?"

ఆయన తల దించుకున్నాడు. అలాగే మెల్లగా చెప్పాడు. ఎండాకాలం నుంచీ ఆ చేతికి స్పర్శ తగ్గుతూ వచ్చిందట. ఒక అంగడిలో కొనేవాడు పట్టుకున్న వేళ్ళు ఈయనకు సరిగా తెలియక, రైతుకు తప్పు ధర చెప్పాడు. బేరం కుదిరిందనుకున్నాక గొడవైంది. తాగొచ్చాడని అందరూ తిట్టారు. ఈయన అవునన్నాడు.

"ఎన్నడో ఇడిసిపెట్టిన తాగుడు మల్ల వట్టినవని నేను గూడ అంటి గద. మాట్లాడుడు బంద్ జేస్తి గద. నాకన్న చెప్పక పోతివి" అంది కొమురమ్మ.

"తాగినోనికి తెల్లారి దిగుతదని మల్ల చెయ్యిస్తరే. చెయ్యి సచ్చినోనికి ఎవలిస్తరు?"

పొద్దున నేను పెట్టిన రబ్బరు బుడ్డి ఎందుకు పక్కన పడి ఉందో నాకు అప్పుడు తెలిసింది. అది చేతిలో ఉన్న సంగతే ఆయనకు తెలియలేదు. కొమురమ్మ ఆ కుడి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, అరచేయి మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంది. లోపలికి రావలసిన పేషెంటు తలుపు దగ్గరికి వస్తే, కాసేపు ఆగమని చేయి చూపించాను.

ఫిల్ములు తయారయ్యేదాకా వాళ్ళు బయట బెంచీ మీద ఆగారు. ఈసారి నడుమ ఖాళీ లేదు. పుస్తెలతాడు, మట్టెలు ఇస్తూ కొమురమ్మను పక్కకు పిలిచి అడిగాను.

"కుడి చేతికి తెలుస్తలేదని ఎరుకైనంక నీకు భయం గాలేదా అమ్మా?"

"పానం పోయినంత పనైంది బిడ్డా. కుడి చెయ్యి పట్టుకొని గుంజిన, గిల్లిన. కట్టె లెక్క ఉన్నది. గని ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నదాయె. నా వేళ్ళు వణికితె ఆయనకు తెలుస్తది. తెలిస్తె లోపల ఉంటడా? అందుకనే గట్టిగ బేరం జేసిన. బర్రె మీదనే పానం పెట్టిన. వేరే ముచ్చట యాదికి రానియ్యలే."

నేను అద్దం వెనక కూర్చుని, ఆ బేరం ఆయన్ను నిలబెట్టిందని సంబరపడ్డాను. దాన్ని పట్టుకుని ఆమె కూడా నిలబడిందని నాకు తట్టనే లేదు. ఆ గదిలో ఎక్కువ భయపడింది గొట్టం బయట ఉన్న మనిషే. ఆమె కాలి వేళ్ళను నేను చూడలేదు.

ఆ తర్వాత కంగారు పడకండి అనే మాట నా నోటి నుంచి చాలావరకు పోయింది. ఇన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పానో, ఒక్కరి కంగారూ దానివల్ల తగ్గినట్టు గుర్తులేదు. ఇప్పుడు బల్ల ఎక్కించే ముందు, మీరు ఏం పని చేస్తారని అడుగుతాను. ఒక బస్సు కండక్టరు తన రూట్లోని స్టేజీలన్నీ వరసగా మనసులో చెప్పుకుంటూ ఉండిపోయాడు. మా కాశిబుగ్గలో మగ్గం నేసే ఒకావిడ పోగులు అతుకుతున్నాననుకుని పడుకుంది. అందరికీ పనిచేస్తుందని మాత్రం అనను. ఒక బ్యాంకు ఆఫీసరుకు ఆయన పని గుర్తుచేస్తే బీపీ ఇంకా పెరిగింది, ఆయనకు వంట ఇష్టమని తెలిశాక మనసులోనే కూర వండించాను. ఇంట్లో నాకు కూడా, ఒకేసారి నాలుగు వైపుల నుంచి పనులు మీద పడి తల తిరుగుతున్నప్పుడు, ఎవరైనా నిమ్మళంగా ఉండమంటే ఒళ్ళు మండుతుంది. చేతికి బాగా తెలిసిన పని ఏదైనా ఒకటి ముందు వేసుకుంటాను, గోరుచిక్కుడుకాయల ఈనెలు తీయడం లాంటిది. మనసుకు ఊరుకోమంటే ఊరుకోవడం రాదు, చేతి వెంట పోవడం వచ్చు. ఈ కేసు నాకు నేర్పింది అంతే.

సమ్మయ్య మెడలో డిస్కు వెన్నుపామును నొక్కుతోందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ అయింది. చేయి తిరిగి వస్తుందో లేదో తాను చెప్పలేనని, ఇంకా పోకుండా మాత్రం ఆపగలనని డాక్టరు ముందే చెప్పాడట. కొన్ని నెలల తర్వాత మళ్ళీ స్కాన్ కోసం ఇద్దరూ వచ్చారు. కాలు తూలడం తగ్గింది. చేయి ఎలా ఉందని అడిగితే, "ఎట్లున్నదో ఏమో, అంగడికైతె ఇంక పోలే" అన్నాడు. తనే బల్ల ఎక్కి పడుకున్నాడు. కొమురమ్మ పుస్తెలతాడు, మట్టెలు నా చేతిలో పెట్టి, స్టూలు తీసుకెళ్ళి కుడివైపు వేసుకుంది.

"గిటు దిక్కెందుకే?" అన్నాడు.

"కుడి చెయ్యియ్యి" అంది.

ఆయన ఇవ్వలేదు. ఆమె అలాగే కూర్చుంది. చివరికి ఆ చేయి మెల్లగా బల్ల అంచుకు వచ్చింది. తువ్వాల కప్పింది. నేను తలుపు మూసి సీక్వెన్స్ మొదలుపెట్టాను.

చాలాసేపు ఏమీ కదలలేదు. నేను తెర చూడటం మాని తువ్వాలనే చూస్తున్నాను. ఒక మూల కొంచెం లేచిందో, నాకే అలా అనిపించిందో తెలియలేదు. అంతలో కొమురమ్మ తల వాల్చింది. భుజాలు కదులుతున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక లాభం లేదనుకున్నాను. ఆ విడత ముగిసేదాకా ఆగి, మైకు నొక్కి అడిగాను.

"ఏమైందమ్మా?"

ఆమె ముఖం ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. ఒక చేయి తువ్వాల కిందే ఉంది.

"బర్రెకు మరీ తక్కువ జెప్తాండు బిడ్డా" అంది.

లోపలి నుంచి సమ్మయ్య గొంతు వినబడింది.

"గా ముసల్దానికి గదే ఎక్కువ."